చిన్నాయన జీపు లైట్లు: పని డైరీ

బండి సంగతి

మహీంద్రా జీపు, డీజిల్. 1991లో రిజిస్టరైంది. నంబరు ఏపీ 26తో మొదలవుతుంది. 2019లో కొత్త బండ్లకు జిల్లా నంబర్లు తీసేసి రాష్ట్రమంతా ఒకటే ఏపీ 39 మొదలుపెట్టారు కాబట్టి, నంబరు చూసి ‘ఇది నెల్లూరు బండి, అది ఒంగోలు బండి’ అని చెప్పే సరదా పోయింది. చిన్నాయన ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేస్తున్నప్పటి నుంచి ఇదే బండి. మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు, డీజిల్ క్యాన్లు, పండగలకు చుట్టాలు, అన్నీ ఇందులోనే.

ఆర్‌సీ గడువు దగ్గరపడటంతో పని నా దాకా వచ్చింది. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూసి రెన్యువల్ చేస్తారు. ఇంజిను బాగుంది, బ్రేకులు బాగున్నాయి. లైట్లే బాగాలేవు. కుడి ఇండికేటర్ వేస్తే ఎడమ బ్రేక్ లైటు కొట్టుకునే బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందర నిలబెట్టడం ఎట్టా?

నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే ‘వైరింగ్ కిట్ మొత్తం మార్చాల్సిందే’ అన్నారు. చిన్నాయన సరేనన్నాడు. నేనే ఆపాను. కిట్ మారిస్తే వైర్లు కొత్తవవుతాయి, బండి బాడీ మాత్రం పాతదే ఉంటుంది. ఇట్లాంటి బండ్లలో కరెంటు బ్యాటరీ నుంచి బల్బు దాకా వైరులో వెళ్లి, తిరిగి వచ్చేది బాడీ మీదుగా. సగం సర్క్యూటు ఇనుప రేకే. ఆ రేకు సముద్రపు గాలిలో ముప్ఫై ఏళ్లు పైగా ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఛాసిస్ దాకా నీళ్లలో మునిగింది కూడా. ముందు జబ్బు ఏదో తెలుసుకుని తర్వాత మందు వేద్దామని ఒప్పించాను.

చూసిన లక్షణాలు

చీకటి పడ్డాక చెరువు గట్టు మీద బండి ఆపి, ఒక్కో స్విచ్ వేసి చూస్తూ రాసుకున్నవి ఇవి. ఎవరూ ఏమీ విప్పకముందే ఈ పని చేయాలి. ఒక్క నట్టు కదిలినా లక్షణం మారిపోతుంది, తర్వాత ఏది దేనివల్ల జరిగిందో తేలదు.

హెడ్‌లైట్లు రెండూ గుడ్డిగా ఉన్నాయి. ఎడమది ఇంకా ఎర్రగా ఉంది. రేస్ ఇస్తే కొంచెం తేరుకుంటున్నాయి. కాలితో నొక్కే డిప్పర్ స్విచ్ కొన్నిసార్లు డిమ్‌కీ బ్రైట్‌కీ మధ్యలో ఆగి, ఒక్క క్షణం రెండూ ఆరిపోతున్నాయి. మైపాడు రోడ్డులో ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఆ ఒక్క క్షణం చాలు టెన్షన్ పుట్టించడానికి.

లైట్లన్నీ ఆపేసి బ్రేకు నొక్కితే కుడి బ్రేక్ లైటు సరిగా వెలగకపోగా, ముందర పార్కింగ్ బల్బులు, డ్యాష్‌బోర్డులో మీటరు బల్బు మిణుకుమంటున్నాయి. కుడి ఇండికేటర్ వేస్తే ఎడమ బ్రేక్ లైటు దాంతోపాటు కొట్టుకుంటోంది. ఎడమ ఇండికేటర్ వేస్తే అసలు కొట్టుకోకుండా వెలిగి అట్నే ఉండిపోతోంది. గతుకుల్లో పడినప్పుడు పార్కింగ్ లైట్లు ఆరి వెలుగుతున్నాయి, అప్పుడప్పుడు రబ్బరు కాలిన వాసన.

ఇవన్నీ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. చిన్నాయన అయితే ‘బండికి గాలి సోకింది’ అని తేల్చేశాడు. కాగితం మీద రాసుకుని చూస్తే మాత్రం, ఒకదానికి పెట్టిన కరెంటు ఇంకోదాంట్లో కనబడుతున్న చోట్లన్నీ బండికి వెనక కుడి మూలకే వెళ్తున్నాయి. అది తర్వాత.

ముందు బ్యాటరీ

బ్యాటరీ సంగతి తేలకుండా లైట్ల జోలికి పోకూడదు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున మీటరు పెడితే 12.5 వోల్టులు. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తుంది, 12.2కి పడితే సగమే ఉన్నట్టు. ఇంజిను స్టార్ట్ చేసి కొంచెం రేస్ మీద ఉంచితే 13.9. అంటే డైనమో బాగానే పోస్తోంది. మన దగ్గర ఆల్టర్నేటర్‌ని కూడా డైనమో అనే అంటారు, నేనూ అట్నే రాస్తున్నాను.

ఇక్కడే ఒక ప్రశ్న తేలిపోయింది. బ్యాటరీ దగ్గర 13.9 ఉండి బల్బు గుడ్డిగా ఉందంటే, మధ్య దారిలో వోల్టులు ఎక్కడో పోతున్నాయి. కొత్త బ్యాటరీ, కొత్త డైనమో కొనే ఖర్చు మిగిలింది.

టెర్మినళ్లు విప్పేటప్పుడు ఎప్పుడూ మైనస్ ముందు. ప్లస్ ముందు విప్పితే, స్పానరు బాడీకి తగిలిన క్షణంలో బ్యాటరీ మొత్తం స్పానరు గుండా పారుతుంది. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయాలి. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. వేడినీళ్లు, సోడా ఉప్పుతో కడిగి, ఆరాక ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలైన్ పూశాను. 

బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వచ్చే జడ తీగ కొసలు చిలుము పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. దాన్ని బిగించిన చోట బాడీకి మందంగా పెయింట్. ఎప్పుడో రంగు వేయించినప్పుడు లగ్గు (తీగ కొసన బోల్టు దూరే రేకు కన్ను) విప్పి, రంగు మీదే మళ్లీ బిగించారు. రంగు కరెంటుని రానివ్వదు. బోల్టు మరలు మాత్రమే ఇన్నాళ్లూ పని నడిపించాయి.

హెడ్‌లైట్లు: వోల్టులు ఎక్కడ పోతున్నాయి

ఈ భాగం కొంచెం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మిగతా పనంతా దీని మీదే నిలబడింది.

హెడ్‌లైటు కప్లర్ (బల్బు వెనక తగిలించే వైర్ల ప్లగ్గు) ఊడదీసి, ఉత్త కప్లర్‌కి మీటరు పెడితే 12 వోల్టుల పైన చూపిస్తుంది. చాలామంది అక్కడితో ‘కరెంటు వస్తోంది, బల్బే పోయింది’ అనేస్తారు. డిజిటల్ మీటరు దాదాపు కరెంటే లాగదు. వైరులో ఇరవై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా అది నిండు వోల్టేజీ చూపిస్తుంది. తూములో చెత్త అడ్డం పడి ఉన్నా, నీళ్లు పారనంత సేపు తూముకి రెండు వైపులా మట్టం ఒకటే ఉంటుంది కదా, ఇదీ అంతే. పారించినప్పుడే తేడా బయటపడుతుంది. అందుకని బల్బు పెట్టి, వెలిగించి, వెలుగుతుండగా కొలవాలి.

పద్ధతి ఇది. ఇంజిను నడుస్తూ ఉండాలి, లైట్లు బ్రైట్‌లో ఉండాలి. మీటరు ఒక కాలు బ్యాటరీ ప్లస్ మీద, రెండో కాలు బల్బు వెనక బ్రైట్ పిన్ను మీద. వచ్చే అంకె వెళ్లే దారిలో పోతున్న వోల్టులు. తర్వాత ఒక కాలు బల్బు ఎర్తు పిన్ను (కరెంటు బాడీలోకి తిరిగి వెళ్లే పిన్ను) మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద. ఆ అంకె తిరుగు దారిలో పోతున్నవి. బాగున్న బండిలో ఈ రెండూ కలిపి అర వోల్టుకి అటూ ఇటూ ఉండాలి.

ఎడమ లైటుకి వెళ్లే దారిలో 2.3, తిరుగు దారిలో 1.2. బల్బుకి దక్కింది 10.4. కుడి లైటుకి వెళ్లే దారిలో అదే 2.3, తిరుగు దారిలో 0.4; దానికి దక్కింది 11.2. అంకెలు కూడితే రెండు వైపులా 13.9కే వస్తున్నాయి, అంటే కొలత సరైనదే.

వెళ్లే దారి నష్టం రెండింటికీ ఒకటే కాబట్టి అది రెండు లైట్లకూ ఉమ్మడిగా ఉన్న చోటే జరుగుతోంది. ముక్కలు చేసి చూశాను: బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్ దాకా 0.5, స్విచ్ లోపల 0.6, కాలి డిప్పర్ లోపల 0.8, అక్కడి నుంచి బల్బు దాకా 0.4. డిప్పర్ ఒక్కటే సుమారు 9 యాంపియర్ల దగ్గర 7 వాట్ల వేడి పుట్టిస్తోంది. ముట్టుకుంటే కాలుతోంది, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. అది ఉన్నదేమో పాదాల దగ్గర, చెరువు బురద అంతా తొక్కి వచ్చే చోట.

వోల్టులు కొంచెం తగ్గితే ఏమైంది అనుకోవద్దు. ఫిలమెంట్ బల్బుల్లో వెలుగు, వోల్టేజీతో సమానంగా తగ్గదు. చాలా వేగంగా పడిపోతుంది. పదో వంతు వోల్టేజీ తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. మన ఎడమ లైటులా నాలుగో వంతు దాకా తగ్గితే, సగం వెలుగు కూడా మిగలదు. ఫిలమెంట్ చల్లబడి ఎర్రగా కనిపించేది కూడా అందుకే.

ఇట్లాంటి బండ్లకి కొందరు 100 వాట్ల బల్బులు వేస్తారు. 60 వాట్ల జంటకే చెమటలు పట్టే స్విచ్ మీదికి 16 యాంపియర్లు పైన తోస్తే హోల్డర్ కరుగుతుంది, స్విచ్ మాడుతుంది. లైటు చాలకపోతే బల్బు మార్చే ముందు, ఉన్న బల్బుకి అందాల్సింది అందుతోందా అని చూడాలి. ఎల్‌ఈడీ సంగతి అడగొద్దు. హాలోజన్ బల్బు కోసం చేసిన గిన్నెలో చౌక ఎల్‌ఈడీ పెట్టి, నేషనల్ హైవే మీద ఎదుటివాడి కళ్లల్లో కొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

భాయ్ దగ్గర

రిలేలు, ఫ్యూజు హోల్డర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కోసం నెల్లూరు వెళ్లాను. నాకు తెలిసిన సెల్ఫ్ డైనమో వర్క్స్ భాయ్ రొట్టెల పండగ రోజుల్లో షాపు తీయలేదు. బారాషహీద్ దర్గా వైపు బండి తిప్పుకునే సందే ఉండదు ఆ రోజుల్లో, సరే. పండగ అయ్యాక వెళితే, నా కాగితం మీద అంకెలు చూసి నవ్వాడు.

‘‘బాగా రాసుకున్నావ్ అబ్బయ్యా. నేనైతే ఇదంతా కొలవను. బ్యాటరీ నుంచి ఒక తీగ నేరుగా తెచ్చి బల్బుకి పెడతా. వెలుగు పెరిగిందా, తప్పు ఆ దారిలోనే.’’

‘‘తిరుగు దారికైతే భాయ్?’’

‘‘అదీ అంతే. మైనస్ నుంచి తీగ లాగి లైటు చిప్పకి ఆనించు. కరెంటు పోయేదానికి దారి ఉంటే చాలదు, వచ్చేదానికీ ఉండాల. మనోళ్లు ఆ రెండోది మర్చిపోతారు.’’

మీటరు పద్ధతి ఎంత నష్టమో చెబుతుంది, తీగ పద్ధతి ఎక్కడో చెబుతుంది. రెండూ కలిపి వాడితే పని తొందరగా తెములుతుంది. పాత డిప్పర్‌కి సరైన జోడీ కావాలంటే చెన్నై పుదుపేటలో వెతకాలన్నాడు. విప్పి చూశాక ఆ అవసరం రాలేదు. లోపలి ఇత్తడి బిళ్లలు చిలుము పట్టి నల్లబడ్డాయి గానీ అరగలేదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్న ఉప్పు కాగితంతో తుడిచి, స్ప్రింగుకి చుక్క గ్రీజు వేసి మూసేశాను. ఇప్పుడు మధ్యలో ఆగడం లేదు.

రిలేలు వేయడం

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. అది పెడితే పాత స్విచ్‌లకి బరువు తగ్గుతుంది. స్విచ్ గుండా పారేది రిలే కాయిల్‌కి కావాల్సిన కొద్దిపాటి కరెంటే, యాంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు. హెడ్‌లైటు అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా రిలే మీదుగా వెళ్తుంది.

డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి వేశాను. రిలే కాళ్ల మీద అంకెలు ఉంటాయి: 30కి బ్యాటరీ నుంచి వచ్చే లైను, 87 నుంచి బల్బుకి. 85, 86 కాయిల్‌వి. ఒకదానికి డిప్పర్ నుంచి వచ్చే పాత వైరు, ఇంకోదానికి ఎర్తు. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజుకి ముందున్న వైరుకి ఏ రక్షణా ఉండదు, కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. రెండు బల్బులూ బ్రైట్‌లో లాగేది 9 యాంపియర్లకు అటూ ఇటూ. 15 యాంపియర్ల ఫ్యూజు వేశాను.

ఎర్తుకి బాడీని నమ్మలేదు. రెండు లైట్ల ఎర్తు పిన్నుల నుంచి విడిగా నల్ల వైరు తెచ్చి బ్యాటరీ మైనస్‌కి కలిపాను. అట్నే బ్యాటరీ నుంచి బాడీకి, ఛాసిస్‌కి, ఇంజినుకి కొత్త జడ తీగలు. బిగించే చోట రేకు తెల్లగా మెరిసేదాకా రంగు గీకి, పళ్ల వాషరు వేసి, బిగించాక పైన గ్రీజు పూశాను. లగ్గులు క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి, కటింగ్ ప్లయర్‌తో నొక్కితే ఒక వానాకాలం కూడా ఆగవు. మన దగ్గర వానలు మిగతా రాష్ట్రంలా జూన్, జులైలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లతో కలిసి వస్తాయి. అందుకని కప్లర్ మూతులన్నీ కిందికి చూసేట్టు కట్టాను.

మళ్లీ కొలిస్తే రెండు బల్బులకీ 13.5. చిన్నాయన గట్టు మీదికి వెలుగు కొట్టి చూసి, ‘‘ఏరా, బల్బులు ఎంతబెట్టి కొన్నావ్?’’ అన్నాడు. అవే పాత బల్బులని చెబితే ఇప్పటికీ నమ్మడం లేదు.

వెనక కుడి మూల

ఇక గాలి సోకిన వైపు. వెనక కుడి లైటు చిప్పలో మూడు ఫిలమెంట్లు ఉన్నాయి. పార్కింగ్‌కి 5 వాట్లది, బ్రేకుకి 21 వాట్లది, ఈ రెండూ ఒకే బల్బులో. పక్కనే ఇండికేటర్‌కి ఇంకో 21 వాట్ల బల్బు. మూడింటికీ తిరుగు దారి ఒకటే: చిప్ప, దాన్ని బాడీకి బిగించిన రెండు బోల్టులు. ఆ బోల్టుల కింద రేకు తుప్పుతో పొరలు పొరలుగా లేచి ఉంది.

ఇప్పుడు లైట్లు ఆపి బ్రేకు నొక్కుదాం. కరెంటు బ్రేకు ఫిలమెంట్ గుండా చిప్ప దాకా వస్తుంది. అక్కడ ఎర్తు లేదు. అది ఆగదు, అదే బల్బులోని పార్కింగ్ ఫిలమెంట్ గుండా వెనక్కి ఎక్కి, పార్కింగ్ లైనులోకి పోయి, ముందర పార్కింగ్ బల్బుల గుండా అక్కడి మంచి ఎర్తుకి దిగుతుంది. అందుకే కాలు బ్రేకు మీద ఉంటే ముందర బల్బులు మిణుకుమన్నాయి. కుడి ఇండికేటర్ వేస్తే అదే కథ ఇంకో దారిలో: ఇండికేటర్ ఫిలమెంట్ దాటి, బ్రేకు ఫిలమెంట్ గుండా వెనక్కి వెళ్లి, బ్రేకు లైను పట్టుకుని ఎడమ బ్రేక్ లైటుకి చేరి అక్కడ దిగుతోంది. దారిలో రెండు మూడు ఫిలమెంట్లు వరసగా పడటంతో ఏదీ నిండుగా వెలగదు.

ఒక లైటు వేస్తే సంబంధం లేని ఇంకోటి గుడ్డిగా వెలిగితే, తొంభై పాళ్లు ఎర్తు పోయిందనే నా లెక్క. షార్ట్ అయితే గుడ్డిగా వెలగదు, ఫ్యూజు కొడుతుంది.

రుజువుకి భాయ్ చెప్పిన తీగే వాడాను. బ్యాటరీ మైనస్ నుంచి పొడుగు వైరు లాగి చిప్పకి ఆనిస్తే అన్నీ ఒక్కసారిగా దారిలోకి వచ్చాయి. తీసేస్తే మళ్లీ గాలి సోకింది. ఇక ఆ మూలకి సొంత ఎర్తు వైరు వేసి, ఎడమ దానికీ అదే చేసి, రెండింటినీ ఛాసిస్ మీద గీకిన చోట బిగించాను. తుప్పు రేకు సంగతి వెల్డింగ్ వాళ్లు చూసుకోవాలి.

ఎడమ ఇండికేటర్ పని చిటికెలో అయిపోయింది. ఎవరో ఎడమ వైపు ఎల్‌ఈడీ బల్బులు వేశారు. ఇండికేటర్‌ని కొట్టుకునేట్టు చేసేది ఫ్లాషర్. పాత ఫ్లాషర్‌లో ఒక రేకు కరెంటు వేడికి వంగి తెగి, చల్లారి మళ్లీ కలుస్తుంది. ఎల్‌ఈడీలు అంత కరెంటు లాగవు, రేకు వేడెక్కదు, లైటు కొట్టుకోదు. మళ్లీ 21 వాట్ల బల్బులు పెట్టేసరికి టిక్కుటిక్కుమంది.

కాలిన వాసన ఎక్కడిది

ఫ్యూజు పెట్టె మూత తీస్తే, పార్కింగ్ లైట్ల ఫ్యూజు ఉండాల్సిన చోట మెలివేసిన రాగి పోగులు. ఎప్పుడో ఫ్యూజులు మాటిమాటికీ పోతుంటే విసుగొచ్చి చుట్టి ఉంటారు. అప్పట్నుంచి ఫ్యూజు పోలేదు, వైరే కాలుతూ వచ్చింది. అది కాలిపోయేదాకా పోగులు తెగవు.

రాగి పీకేసి కొత్త ఫ్యూజు వేస్తే, గతుకులో పడగానే అది ఠప్పున పోయింది. అంటే షార్ట్ ఎప్పుడూ ఉండేది కాదు, ఊగినప్పుడు మాత్రమే తగులుతోంది. ఇట్లాంటిది వెతకడానికి ఫ్యూజుల డబ్బా ఖాళీ చేయక్కర్లేదు. ఫ్యూజు స్థానంలో ఒక పాత హెడ్‌లైటు బల్బుని రెండు మొసలి క్లిప్పులతో పెట్టాలి. పార్కింగ్ బల్బులన్నీ పీకేసి స్విచ్ వేస్తే, సరైన సర్క్యూటులో ఆ బల్బు వెలగకూడదు. షార్ట్ తగిలిన క్షణంలో భగ్గున వెలుగుతుంది, అయినా 5 యాంపియర్లకు మించి పోనివ్వదు కాబట్టి వైరు కాలదు. 

నేను బానెట్ దగ్గర బల్బు చూస్తూ కూర్చుంటే, మేనల్లుడు వెనక బంపరు ఎక్కి ఊపాడు. బల్బు కొట్టుకుంది. వెనక్కి పోయే కప్లర్ ఊడదీసి ఊపమంటే ఏమీ లేదు. కాబట్టి ముందు భాగం శుభ్రం. మళ్లీ తగిలించి, బండి కిందికి దూరి, ఛాసిస్ పొడవునా వైరు గుత్తిని జానెడు జానెడు కదిలించుకుంటూ పోయాను.

‘‘మామా, వెలిగింది!’’

వైరు గుత్తి ఛాసిస్ అడ్డ పట్టీలోని కన్నం గుండా దూరే చోట రబ్బరు బుష్ లేదు. ఇనుప అంచు వైరు తొడుగుని కోసి, లోపలి రాగి కనబడుతోంది. కత్తిరించి చూస్తే రాగి నల్లగా మాడిన రంగు. వరద నీళ్లు ఆ గాయంలో నుంచి తొడుగు లోపలికి పాకాయి. నల్లబడ్డ రాగికి టంకం అతుక్కోదు, ఎంత గీకినా లాభం లేదు. తళతళలాడే రాగి దొరికేదాకా వెనక్కి కోసుకుంటూ పోతే మూర దాటింది. ఆ ముక్క మొత్తం కొత్తది వేసి, స్లీవు తొడిగి, కన్నానికి రబ్బరు బుష్ పెట్టాను. 

వైరు రంగుల గురించి ఒక మాట. ఇంగ్లండు పద్ధతిలో నలుపు ఎర్తు, ఎరుపు పార్కింగ్ లైట్లు, నీలం హెడ్‌లైట్లు, ఆకుపచ్చ ఇండికేటర్లు, బ్రేకు లైట్లు. ఈ బండిలో ముందర భాగంలో అది కొంత కనిపిస్తుంది. వెనక్కి వచ్చేసరికి ఎవరి చేతికి ఏ రంగు దొరికితే అది. బ్రేకు లైను ఇంటి వైరింగ్‌కి వాడే పసుపు వైరు. రంగు చూసి కత్తిరించవద్దు. టెస్టింగ్ బల్బు పెట్టి ఏది దేనిదో తేల్చుకుని, కాగితం చీటీ చుట్టి పేరు రాసి పెట్టుకోవాలి. చిన్నాయన వచ్చి, ‘‘అబ్బయ్యా, అంతా ఊడబీకినావే, మళ్లా ఎక్కుద్దా?’’ అని రోజూ అడిగేవాడు. ఎక్కింది, ఆ చీటీల వల్లే.

గోడ మీద గురి

వెలుగు పెరిగింది కాబట్టి గురి సరిచేయకపోతే ఎదుటివాళ్లకి నరకం. రైస్ మిల్లు గోడ ముందు సమంగా ఉన్న నేల చూసి, పది మీటర్ల దూరంలో బండి ఆపాను. టైర్లలో గాలి సరిగా ఉంచి, డ్రైవరు సీట్లో మేనల్లుణ్ని కూర్చోబెట్టి, లైట్ల నడిమి ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో గీత గీశాను. డిమ్‌లో వెలుగు పై అంచు ఆ గీతకి 10 సెంటీమీటర్లు కిందుండాలి. ఒక లైటుకి గోనెపట్టా కప్పి రెండోది చూడాలి, రెండూ కలిపి చూస్తే ఏది ఎటు కొడుతోందో తెలియదు.

డిమ్ వెలుగు అంచు ఎడమ వైపు కొంచెం పైకి లేవాలి, రోడ్డు పక్కన నడిచేవాళ్లు, వెనక లైటు లేని ట్రాక్టర్లు కనబడటానికి. కుడి వైపు లేస్తుంటే ఆ గ్లాసు కుడి వైపు నడిపే దేశాల కోసం చేసినది. ఆన్‌లైన్‌లో చౌకగా వస్తాయి అవి. ఎంత తిప్పినా గురి కుదరదు. మనవి రెండూ సరైనవే. ఎడమదాని స్క్రూ తుప్పు పట్టి తిరగలేదు, డీజిల్ పోసి ఒక రాత్రి నాననిచ్చాక తిరిగింది.

మిగిలినవి

డీజిల్ ముల్లు సగం దగ్గరే ఆగిపోయి ఉంది. ట్యాంకు ఫ్లోటు వైరు కూడా ఆ వెనక గుత్తిలోనే వస్తుంది, దాని ఎర్తు ట్యాంకు బోల్టుల మీదే ఆధారపడి ఉంది. మొదట అక్కడే చూస్తాను. డ్యాష్‌బోర్డు స్విచ్‌కి వచ్చే లైను ఇంకా పాతదే. రిలేలు పెట్టాక దాని మీద బరువు లేదు కాబట్టి ప్రస్తుతానికి ముట్టుకోవడం లేదు. కొలతలన్నీ, ఏ వైరు ఏ రంగో, ఏ ఫ్యూజు దేనికో ఒక కాగితం మీద గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బానెట్ లోపల అంటించాను. ఫిట్‌నెస్‌కి స్లాట్ బుక్ చేయాలి. ఆ లోపు హారన్ చూడాలి, అది స్టీరింగ్ ఎడమకి తిప్పినప్పుడే మోగుతోంది.